చెవిలో పెట్టేదానికి ఎంత పెట్టాలి?

పరీక్షల ఫలితాలొచ్చాయంటే చాలా ఇళ్లలో ఒక బేరం మొదలవుతుంది. ‘కొత్త ఫోన్ వద్దులే నాన్నా, మంచి ఇయర్‌బడ్స్ కొనిపెట్టు చాలు’ అంటారు పిల్లలు. ‘చెవులు పాడైపోతాయిరా’ అంటుంది అమ్మ. ‘పాడవకుండా మంచి కంపెనీవే కొందాం. నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్లేదు’ అని నాన్న తీర్పు చెప్పేస్తాడు. నన్నడిగితే ఇందులో అమ్మ భయం నిజం. నాన్న చూపిన దారే సరైంది కాదు. మూడు వందలవి వాడితే చెవులు పోతాయని, ఇరవై వేలవి వాడితే పదిలంగా ఉంటాయని మనలో బలంగా పాతుకుపోయింది. ఓపీలో కూర్చున్నప్పుడు వారానికి రెండు మూడుసార్లయినా ఈ మాట వింటుంటాను. చెవికి బిల్లు చూపించలేం. ఎంత గట్టిగా విన్నాం, ఎంతసేపు విన్నాం అన్నదే దానికి లెక్క.

ఆ లెక్కేమిటో ముందు చూద్దాం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. మనిషికి ఇవి పుట్టుకతో వచ్చినన్నే. పోతే మళ్లీ మొలవవు. పెద్ద శబ్దాలకు ముందుగా దెబ్బతినేవి హెచ్చు పౌనఃపున్యాలను పట్టుకునేవి. అందుకే శబ్దం వల్ల చెవి దెబ్బతిన్నవారి ఆడియోగ్రామ్‌లో సాధారణంగా 4 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల గీత ఒక గుంటలా కిందికి దిగి ఉంటుంది. చిక్కేమిటంటే, ఈ దశలో మనిషికి ‘వినపడటం లేదు’ అనిపించదు. అచ్చులు బాగానే వినిపిస్తాయి. స, శ, త, క లాంటి హల్లులే జారిపోతుంటాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అంతా బాగుంటుంది. పెళ్లి భోజనాల దగ్గర మాత్రం పక్కవాళ్లు ఏమన్నారో తెలియక నవ్వి ఊరుకోవాల్సి వస్తుంది. అరవై దాటాక రావాల్సిన ఈ ఇబ్బంది ముప్ఫైల్లోనే వస్తే? అసలు ప్రశ్న అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు పరిమితిగా చెబుతోంది. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే చెవిలో పడే శక్తి రెట్టింపవుతుంది, సురక్షితంగా వినగలిగే సమయం సగానికి పడిపోతుంది. అంటే పెద్దవాళ్లకు 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు, 90 దగ్గర 4 గంటలు. 100 డెసిబెల్స్‌కు వస్తే వారం మొత్తానికీ కేవలం 20 నిమిషాలే. రోజుకు కాదు, వారానికి!

ఇప్పుడు మీ అబ్బాయినో అమ్మాయినో సిటీ బస్సు ఎక్కించండి. కిటికీలు తెరిచి ఉన్న బస్సులో ఇంజిన్, హారన్లు, కండక్టర్ కేకలు అన్నీ కలిపి 75-80 డెసిబెల్స్ ఉండటం మామూలే. పాట వినపడాలంటే దానికి మించి పెట్టాలి కదా! తెలియకుండానే వేలు వాల్యూమ్ బటన్ మీదికి వెళుతుంది. 86 దగ్గర ఆగిందనుకుందాం. పోనూ రానూ రెండు గంటలు, వారానికి ఆరు రోజులంటే 12 గంటలు. పెద్దవాళ్లకున్న పది గంటల కోటా కూడా కాలేజీ దారిలోనే అయిపోయింది. ఇంటికొచ్చాక వినేదంతా అప్పే.

కాబట్టి ఇయర్‌ఫోన్లు కొనేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ‘బేస్ ఎలా ఉంది?’ అని కాదు. ‘బయటికెళ్లినప్పుడు వాల్యూమ్ పెంచాల్సిన పని లేకుండా చేస్తుందా?’ అని. దీనికి జవాబు ధరలో కన్నా, చెవి రంధ్రాన్ని అది ఎంత బాగా మూస్తుందన్న దానిలో ఉంటుంది.

స్టేజీ మీద పుట్టిన వస్తువు

టీవీ పాటల కార్యక్రమాల్లో గాయకుల చెవుల్లో, వెనక నుంచి వైరు తిప్పి పెట్టుకున్న చిన్న పరికరాన్ని చూసే ఉంటారు. అవే ఇన్-ఇయర్ మానిటర్లు. ఒకప్పుడు వేదిక మీద గాయకుడి కాళ్ల ముందు పెద్ద స్పీకర్లు పెట్టేవారు, తన గొంతు తనకు వినపడటానికి. డ్రమ్స్ హోరులో ఆ స్పీకర్ల సౌండ్ పెంచుకుంటూ పోవడమే. 1990లలో అమెరికాలో జెర్రీ హార్వే అనే సౌండ్ ఇంజినీర్, వాన్ హేలెన్ బృందంలోని డ్రమ్మర్ కోసం చెవిని పూర్తిగా మూసేసే పరికరాన్ని తయారుచేశాడు. బయటి హోరు లోపలికి రాకపోతే తక్కువ సౌండ్‌తోనే పని జరుగుతుంది. ఇందులో వాడే ‘బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్’ అనే బుల్లి స్పీకర్ కూడా వినికిడి యంత్రాల నుంచి వచ్చిందే. అంటే ఈ వస్తువు వెనకున్న ఆలోచన చెవికి మేలు చేసేదే. దాన్ని మనం ఎలా వాడుతున్నామన్నదే గొడవ.

చెవికి సరిగ్గా అమరిన రబ్బరు టిప్ బయటి శబ్దాన్ని 15 నుంచి 25 డెసిబెల్స్ వరకు తగ్గించగలదు. నురుగులా మెత్తగా ఉండే ఫోమ్ టిప్ అయితే ఇంకాస్త ఎక్కువే. బస్సులోని 78 డెసిబెల్స్ చెవి దగ్గరకొచ్చేసరికి 58కి దిగిందనుకోండి, పాట 70 దగ్గర హాయిగా వినిపిస్తుంది. 86 ఎక్కడ, 70 ఎక్కడ! ఈ తేడా తెచ్చింది కొన్ని రూపాయల సిలికాన్ ముక్క.

ఒకప్పుడు ఫోన్ డబ్బాలో వచ్చిన పాతకాలం ఇయర్‌ఫోన్లు, చెవి రంధ్రం బయటే గట్టి ప్లాస్టిక్‌తో కూర్చునేవి, దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటికి మూత లేదు. బయటి చప్పుడు లోపలికొస్తుంది, పాటలోని బేస్ బయటికి పోతుంది. రెండింటికీ మందు వాల్యూమ్ పెంచడమే. అలాగని వాటిని చెత్తబుట్టలో పడేయక్కర్లేదు. రాత్రి నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ప్రవచనమో పాఠమో వినడానికి అవే నయం. చెవిలోకి గాలి ఆడుతుంది, ఎవరైనా పిలిస్తే వినపడుతుంది. బస్సుకూ రైలుకూ మాత్రం అవి పనికిరావు.

ఏ ధరకు ఏమొస్తుంది?

అయిదు వందల లోపు దొరికే ఇన్-ఇయర్లలో ప్రధాన లోపం శబ్ద నాణ్యత కాదు. చాలావాటితో ఒకే సైజు టిప్ ఇస్తారు, లేదా ఇచ్చిన మూడు సైజులూ పలచని రబ్బరువే. మీ చెవికి అది సరిపోతే అదృష్టం. సరిపోకపోతే ‘సౌండ్ బాలేదు’ అనుకుని వాల్యూమ్ పెంచుతారు. ఇలాంటివి ఇంట్లో ఇప్పటికే ఉంటే పారేయకుండా, విడిగా దొరికే మంచి టిప్స్ ఒక జత కొని చూడండి. చాలాసార్లు వస్తువే మారిపోయినట్టు ఉంటుంది.

మధ్యతరగతి ఇంటికి నా ఓటు వెయ్యి నుంచి రెండు వేల మధ్య దొరికే వైరున్న ఇన్-ఇయర్లకు. మూన్‌డ్రాప్, కేజడ్ లాంటి చైనా కంపెనీల వల్ల ఈ ధరలో పోటీ బాగా పెరిగింది. మూడు నాలుగు సైజుల టిప్స్ వస్తాయి. వైరు చెవి వెనక నుంచి తిప్పుకోవచ్చు కాబట్టి నడుస్తున్నప్పుడు ఊడిపోదు. చాలా మోడళ్లలో వైరు పాడైతే వైరొక్కటే మార్చుకోవచ్చు. బ్యాటరీ గొడవ లేదు. ఫోన్‌కు గుండ్రటి జాక్ లేకపోతే కొన్ని వందల్లో టైప్-సి మార్పిడి ముక్క దొరుకుతుంది. దీన్ని మించి ఖర్చుపెడితే సంగీతం ఇంకాస్త బాగా వినిపించొచ్చేమో కానీ, చెవికి అదనంగా ఒరిగేది తక్కువ.

సంగీతం బాగుంటుందన్నది కూడా గ్యారంటీ ఏమీ కాదు. జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి, ధరకూ శబ్దపు తీరుకూ సంబంధం కనిపించలేదని 2017లో అమెరికా అకౌస్టికల్ సొసైటీ పత్రికలో రాశారు. డబ్బా మీద ‘అయిదు డ్రైవర్లు’, ‘పది డ్రైవర్లు’ అని రాసి ఉంటే ముచ్చటపడకండి. వంటింట్లో అయిదు పొయ్యిలున్నంత మాత్రాన కూర రుచిగా రాదు కదా!

వైరు లేని బడ్స్ విషయానికొస్తే, రూ.1,500-3,000 మధ్య దొరికేవాటి డబ్బాల మీద ‘ఈఎన్‌సీ’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దుకాణంలో కుర్రాడు దాన్నే ‘నాయిస్ క్యాన్సిలేషన్ సార్’ అని చెబుతాడు. జాగ్రత్త! ఈఎన్‌సీ అంటే మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న చప్పుడు అవతలివారికి వినపడకుండా చేసేది. మీ చెవికి దానితో పైసా లాభం లేదు. మీ చెవిలోకి వచ్చే చప్పుడును తగ్గించేది ‘ఏఎన్‌సీ’. ఒక్క అక్షరమే తేడా. కొనేది చెవి కోసమైతే ఆ అక్షరం చూసే డబ్బులివ్వండి.

ఏఎన్‌సీ అన్నీ ఆపేస్తుందనీ అనుకోవద్దు. ఇంజిన్ హోరు, ఏసీ, ఫ్యాన్, విమానం రొద... ఇలా ఒకే తీరుగా సాగే లోతైన శబ్దాలను బాగా తగ్గిస్తుంది. హారన్లు, పక్క సీటులోవారి మాటలు, పసిపిల్లల ఏడుపు దానికి అంతగా లొంగవు. వాటిని ఆపేది మళ్లీ టిప్పే. టిప్ సరిగా కూర్చోకపోతే పాతిక వేల ఏఎన్‌సీ కూడా సగం పనే చేస్తుంది. రోజూ గంటల తరబడి రైల్లోనో కంపెనీ బస్సులోనో తిరిగేవారికీ, రోజంతా కాల్స్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకూ మంచి ఏఎన్‌సీ మీద అయిదారు వేలు పెట్టడం దండగ కాదంటాను. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇరవై వేలవి కొనడం మాత్రం దండగే. వాటిలో ఉండే బుల్లి బ్యాటరీలు కొన్నేళ్లకు నీరసపడతాయి, చాలావాటిలో మార్చే వీలుండదు. ఏడాదికెంత పడుతుందో లెక్కేసుకోండి. ఆ పైన లక్షల్లో ఉండేవి సంగీత కళాకారులకు, అభిరుచి ఉన్నవారికి. వాటి జోలి మనకొద్దు.

బ్లూటూత్ రేడియేషన్ వల్ల మెదడుకు ముప్పని భయపడేవారూ ఉన్నారు. ఇది ఫోన్ విడుదల చేసేదానికంటే చాలా తక్కువ శక్తి. హాని జరుగుతుందనడానికి ఆధారాల్లేవు. ఆ భయాన్ని వాల్యూమ్ మీదికి మళ్లిస్తే బాగుంటుంది.

‘అరవై శాతం’ సూత్రాన్ని నమ్మొచ్చా?

60 శాతం వాల్యూమ్‌లో 60 నిమిషాలు... ఈ సూత్రం మీరూ వినే ఉంటారు. ఏమీ లేనిదానికంటే నయమే. కానీ ఒక ఫోన్లో 60 శాతం, ఇంకో ఫోన్లో 60 శాతం ఒకటి కాదు. ఇయర్‌ఫోన్ మారినా లెక్క మారిపోతుంది. డబ్బా వెనక ‘సెన్సిటివిటీ’ అని ఒక అంకె ఉంటుంది. ఒకదాని మీద 105, ఇంకోదాని మీద 115 ఉందనుకోండి. మిగతావన్నీ ఒకేలా ఉంటే, ఫోన్లో అదే గీత దగ్గర రెండోది 10 డెసిబెల్స్ ఎక్కువ సౌండ్ ఇస్తుంది. అంటే పది రెట్ల శక్తి. సురక్షిత సమయం పదో వంతు! కొత్తవి కొన్న రోజున పాత అలవాటు గీత మీదే వినడం అందుకే ప్రమాదం.

చెయ్యి చాచినంత దూరంలో ఉన్నవారు మామూలుగా మాట్లాడితే వినపడాలి అన్నది ఇంకో పాత పరీక్ష. చెవిని మూసేసే ఇన్-ఇయర్లకు ఇది పనికిరాదు, పాట ఆపేసినా అవతలి మాట సరిగా వినపడదు కాబట్టి.

నేను చెప్పేది ఇది. రాత్రిపూట టీవీ కట్టేసి, ఫ్యాన్ చప్పుడు మాత్రమే ఉన్న గదిలో కూర్చోండి. వాల్యూమ్ సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో గీతా పెంచుతూ, మాటలు స్పష్టంగా తెలిసిన చోట ఆపండి. ఆ గీత గుర్తుపెట్టుకోండి. బయటికెళ్లినా అదే మీ హద్దు. బస్సులో అది చాలకపోతే తప్పు టిప్‌ది. పెద్ద సైజు వేసి చూడండి, ఫోమ్ వేసి చూడండి. కుడి చెవికీ ఎడమ చెవికీ వేర్వేరు సైజులు పట్టేవారు చాలామందే ఉన్నారు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని కాస్త పైకీ వెనక్కీ లాగితే లోపలి దారి నిటారుగా అయి టిప్ సరిగా కూర్చుంటుంది. సరిగా కూర్చుందో లేదో తెలియాలంటే పాట పెట్టకుండా ఒక మాట మాట్లాడండి. మీ గొంతు బిందెలో మాట్లాడినట్టు గుమ్మంటే చాలు. నొప్పి పుడితే మాత్రం సైజు తగ్గించాల్సిందే. ఐఫోన్లలోనూ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ సెట్టింగ్స్‌లో సౌండ్‌కు గరిష్ఠ పరిమితి పెట్టే వీలుంది. పిల్లల ఫోన్లలో పెట్టేయండి. అయితే వైరు ఇయర్‌ఫోన్ ఏదో ఫోన్‌కు తెలియదు కాబట్టి, అది చూపే డెసిబెల్స్‌ను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

ఒక చెవిలో మాత్రమే పెట్టుకుని వినే అలవాటు కూడా మంచిది కాదు. రెండు చెవులతో వింటే అదే శబ్దం కాస్త పెద్దగా అనిపిస్తుంది. ఒక్కదానితో వినేవారు ఆ లోటు పూడ్చడానికి వాల్యూమ్ పెంచుతారు. ఇక బండి మీద, పట్టాల దగ్గర, రోడ్డు దాటేటప్పుడు ఒకటీ వద్దు, రెండూ వద్దు.

పిల్లల విషయంలో

ఈఏపీసెట్, నీట్ కోచింగ్ వీడియోలు రోజుకు ఆరు గంటలు వినే పిల్లలున్నారు. వారానికి 42 గంటలు. 75 డెసిబెల్స్ దగ్గర పెట్టి విన్నా, పిల్లల 40 గంటల కోటా పాఠాలకే దాటిపోయింది. పాటలకు, ఆటలకు ఏం మిగిలింది? పాఠం మాట కాబట్టి 60-65 డెసిబెల్స్ దగ్గర చక్కగా అర్థమవుతుంది, గది నిశ్శబ్దంగా ఉంటే. ఇక్కడే పెద్దవాళ్ల పాత్ర ఉంది. హాల్లో సీరియల్ హోరెత్తుతుంటే లోపలి గదిలో పిల్లాడు వాల్యూమ్ పెంచక ఏం చేస్తాడు? టీవీ సౌండ్ నాలుగు గీతలు తగ్గించి చూడండి, వాడి ఇయర్‌ఫోన్ సౌండ్ కూడా తగ్గుతుంది. దానికి పైసా ఖర్చు లేదు. వీలైతే ఇంట్లో పాఠాలు స్పీకర్‌లోనే విననివ్వండి. బాగా చిన్నపిల్లలకు, అంటే ప్రాథమిక పాఠశాల వయసు వారికి, చెవి లోపలికి వెళ్లేవి అసలు కొనకపోవడమే మేలని నా అభిప్రాయం. వారి చెవి దారి సన్నం, సరైన టిప్ దొరకదు.

పిల్లలు ‘చెవిలో గుయ్‌మంటోంది’ అన్నా, గేమ్ ఆడి లేచాక మాటలు మందంగా వినపడుతున్నాయన్నా పట్టించుకోండి. మర్నాటికి తగ్గిపోయినా సరే, చెవి శ్రుతి మించిందని చెప్పినట్టే. ఇరవై వేల బడ్స్‌కు సిద్ధపడే తండ్రులు, కొన్ని వందల్లో అయ్యే ఆడియోమెట్రీ పరీక్షకు ‘ఇప్పుడెందుకులెండి’ అనడం నాకెప్పుడూ వింతే. రోజూ గంటల కొద్దీ వినేవారు ఒకసారి ఆ పరీక్ష చేయించుకుని కాగితం దాచుకుంటే, రెండేళ్ల తర్వాత పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

తాతయ్యకు టీవీ వినపడటం లేదని ఇయర్‌బడ్స్ కొనిచ్చేవారికీ ఒక మాట. అవి ఆయన లోపాన్ని కప్పిపెడతాయంతే. ఆన్‌లైన్లో వెయ్యి రూపాయలకు వినికిడి యంత్రాలంటూ అమ్మేవి చాలావరకు అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే పరికరాలు. ముందు పరీక్ష, తర్వాతే యంత్రం. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో పరీక్షలు చేస్తారు. అర్హత ఉన్నవారికి కేంద్రం అమలుచేసే ఏడీఐపీ పథకం కింద యంత్రాలూ ఇస్తారు.

తడి, నూనె, గులిమి

సౌండ్ సంగతి అలా ఉంచితే, గంటల తరబడి మూసి ఉన్న చెవిలో చెమట, తేమ నిలుస్తాయి. మన వానాకాలంలో చెవుల్లో ఫంగస్ మామూలే. తలంటు పోసుకున్న వెంటనే, తడి ఆరకముందే టిప్ దూర్చకండి. చెవిలో నూనె పోసే అలవాటుంటే మానేయండి. గులిమి చెడ్డది కాదు, చెవి తనకు తాను చేసుకున్న రక్షణ. దానంతటదే బయటికి వస్తుంది. ఇయర్‌ఫోన్ దాన్ని తిరిగి లోపలికి నెడుతుంది. అలా గట్టిపడితే వినికిడి తగ్గుతుంది, మళ్లీ వాల్యూమ్ పెరుగుతుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలతో కెలక్కుండా డాక్టర్‌తో తీయించుకోండి. సిలికాన్ టిప్స్‌ను ఊడదీసి వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి వాడండి. ఫోమ్‌వి కడగడానికి లేదు, మెత్తదనం పోగానే మార్చాలి. అన్నాచెల్లెళ్లు ఒకే జత పంచుకుంటుంటే కనీసం టిప్స్ ఎవరివి వారికి ఉండాలి. మధుమేహం ఉన్నవారికి చెవి పోటు, చీము కనిపిస్తే ఇంటి వైద్యాలతో రోజులు గడపకూడదు. వారిలో ఈ ఇన్ఫెక్షన్ ఎముక దాకా పాకే ప్రమాదం ఉంది.

గాయని అల్కా యాగ్నిక్ తనకు హఠాత్తుగా వినికిడి పోయిందని 2024 జూన్‌లో ప్రకటించారు. వైరల్ దాడి వల్లేనని వైద్యులు చెప్పారంటూనే, పెద్ద శబ్దంతో సంగీతం, హెడ్‌ఫోన్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలని అభిమానులను కోరారు. ఇయర్‌ఫోన్లు వాడినా వాడకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయి వినపడకపోతే ‘జలుబు చేసింది, తగ్గిపోతుందిలే’ అని వారం ఆగొద్దు. అది గులిమే కావచ్చు, నరానికి సంబంధించింది కూడా కావచ్చు. రెండోదైతే స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. అదే రోజు, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.